ఉప్పు సరస్సు చెంత: పరాయివారు చూచిన మోర్మను పల్లెలు

1929వ సంవత్సరము జూలై 15వ తేదీన అమెరికా పడమటి భాగమునందలి సాల్ట్ లేక్ సిటీ అను నగరమునుండి ఒక గాయకబృందము పాడిన పాటలు ఆ దేశమంతటికిని ప్రసారమయ్యెను. ఆనాడు అచ్చట ఉన్నది ఒకే మైక్రోఫోను. ప్రకటనలు చేయవలసిన పందొమ్మిదేండ్ల యువకుడు ఎత్తైన నిచ్చెన నెక్కి, దానియెదుట నిలిచి మాటలాడెను. ఆ కార్యక్రమము నేటికిని వారమువారము సాగుచున్నది. రేడియో చరిత్రలో ఇంతకాలము సాగివచ్చిన కార్యక్రమములు మిక్కిలి అరుదు.

ఆ పాటలు వెలువడిన మందిరము 1867లో వాడుకలోనికి వచ్చినది. తాబేటి చిప్పను బోర్లించినట్లుండు దాని పెద్ద కప్పును, ఇనుము దుర్లభమైన ఆ కాలమున, కొయ్య దూలములను కొయ్య మేకులతో బిగించి, చీలిన చోట్ల పచ్చితోలు పట్టెలు చుట్టి నిలిపిరి. సముద్రమునకు వందల మైళ్ల దూరమున, కొండల నడుమ, ఎడారి అంచున ఇట్టి మందిరము నెత్తినవారెవరు? వారెట్లు బ్రతికిరి? వారిని చూడవచ్చిన పరాయివారు ఏమి చెప్పిరి? ఈ వ్యాసమున ఈ విషయములను పాఠకుల ముందుంచ దలచితిమి.

మోర్మనుల మతసంఘమును జోసెఫ్ స్మిత్ 1830లో న్యూయార్కు రాష్ట్రమున స్థాపించెను. వారి క్రొత్త గ్రంథమును, ఒక్కమాటపై నడచు వారి కట్టుబాటును, ఎన్నికలలో అందరు నొకే వైపు నిలుచుటను చూచి ఇరుగుపొరుగువారు జంకిరి. మిస్సోరీనుండి వారిని తరిమివేసిరి. ఇల్లినాయిలో నావూ అను పట్టణమును కట్టుకొనగా, 1844 జూన్ నెలలో చెరసాలలోనున్న స్మిత్తును అల్లరిమూక కాల్చి చంపెను. 1846లో వారు మరల ఇండ్లు విడిచిరి. నాయకత్వము వహించిన బ్రిగం యంగ్ స్వతహాగా వడ్రంగము నేర్చిన పనివాడు. అతడు 1847లో 148 మందితో ముందుగా బయలుదేరి, జూలై 24వ తేదీన గొప్ప ఉప్పు సరస్సు చెంతనున్న లోయను చేరెను. ఆ నేల అప్పటికి అమెరికాది కాదు, మెక్సికో దేశమునకు చెందినది. ఆ మరుసటి సంవత్సరమే అది అమెరికా చేతికి వచ్చినది.

ఆ లోయలో ఏటికి కురియు వాన ఇంచుమించు 15 అంగుళములు. మన అనంతపురము సీమలోనైనను అంతకంటె ఎక్కువ వాన కురియును. సరస్సులోని నీరు నోట పోయరానిది. కాని కొండలపై పేరుకొన్న మంచు కరగి వాగులై దిగివచ్చుచుండెను. యంగ్ చేరుటకు ముందునాడే, ముందుగా వచ్చిన కొందరు నేల గట్టిపడి నాగలికి లొంగకుండుట చూచి, వాగునకు అడ్డుకట్ట వేసి నీటిని పొలముపైకి మరల్చి, తడిసిన నేలను దున్నిరి. ఆ పల్లెల చరిత్రయంతయు ఆ ఒక్క పనిలో ఇమిడియున్నదని మా తలంపు.

నీరు ఎవరి సొత్తును కాదని వారు తొలుతనే నిశ్చయించుకొనిరి. కాలువ త్రవ్వుటలో ఎవరి పొలమునకు తగిన పాలు పని వారు చేయవలెను. ఆ పనిని బట్టియే నీటి వంతు. వంతు గడియలను పంచుటకు ఒక మనుష్యుని నియమించుకొనిరి. మన చెరువులక్రింది నీరుగంటి చేయు పని యదియే. రాత్రి రెండుజాములకు తన వంతు వచ్చినను రైతు లాంతరు పట్టుకొని మడవ కడకు పోవలసినదే. 1852లో వారి శాసనసభ వాగుల నీటిపైనను కొండలలోని కలపపైనను స్థానిక న్యాయాధికారులకు పెత్తనము నిచ్చెను. నీటికొరకు తుపాకులు పట్టు పడమటి సీమలో ఈ ఏర్పాటు వచ్చినవారినెల్లరను ఆశ్చర్యపరచెను.

ఊరి అమరికయు అట్టిదే. ఇతర అమెరికా రైతు తన పొలము నడుమ ఒంటరిగా ఇల్లు కట్టుకొనును. మోర్మనులు మాత్రము ఊరిలో కలిసి కాపురముండి, పొలములకు వెలుపలికి పోవుదురు. సాల్ట్ లేక్ సిటీలో వీధుల వెడల్పు 132 అడుగులు. ఒక్కొక్క వీధిభాగము పదేసి ఎకరముల చదరము. వీధి కిరువైపుల పిల్లకాలువలు, వాని గట్లపై చెట్లు, ప్రతి యింటి వెనుక కూరమడియు పండ్లచెట్లును. పండిన దానిలో పదవ వంతు సంఘమునకు చెల్లింపవలెను. నాణెము కరవైన ఆ దినములలో ఆ వంతు గోధుమలుగా, ఎండుగడ్డిగా, కోడిగ్రుడ్లుగా, పనిదినములుగా చేరుచుండెను. పేదలకును క్రొత్తగా వచ్చినవారికిని ఆ కొట్టునుండియే సాయము. ఊరి బిషప్పు జీతము తీసికొను గురువు కాడు. ఆయనయు పొలము దున్నుకొని బ్రతుకు రైతో, కమ్మరియో, వడ్రంగియో.

ఇట్టి జనుల మధ్యకు పరాయివారు వచ్చిరి. మోర్మనులు కానివారినెల్లరను అచ్చట 'జెంటైలు' అని పిలుచువారు. ఆ మాట యూదులు తమవారు కానివారికి పెట్టిన పేరు. చమత్కార మేమనగా, సాల్ట్ లేక్ సిటీలో వర్తకము చేయ వచ్చిన యూదుడును జెంటైలే! 1852లో మోర్మనులు తమలో బహుభార్యాత్వము ఆచారముగా నున్నదని బహిరంగముగా ప్రకటించిరి. అది మొదలు వచ్చిన ప్రతి బాటసారియు ఆ యొక్క విషయమునే చూడవచ్చెను.

అంతకుముందే వచ్చినవాడు సైన్యపు కొలతల అధికారి హోవర్డ్ స్టాన్స్‌బరీ. 1849-50 చలికాలమును అతడు వారి మధ్యనే గడపి, ఉప్పు సరస్సును కొలిచి, 1852లో తన నివేదికను ప్రకటించెను. శ్రమించు స్వభావమును, ఇచ్చిన మాట నిలుపుకొనుటను అతడు మెచ్చుకొనెను. నెలల తరబడి కలిసి మెలసి యున్నవాని మాట కావున దానికి తూకము హెచ్చు.

1859లో న్యూయార్కు పత్రికా సంపాదకుడు హొరేస్ గ్రీలీ వచ్చి బ్రిగం యంగును రెండు గంటలసేపు ప్రశ్నించి, ప్రశ్నలను జవాబులను వరుసగా అచ్చువేసెను. పత్రికలలో నేడు మనము నిత్యము చూచు 'ఇంటర్వ్యూ' అను పద్ధతికి ఇది తొలి ఉదాహరణములలో నొకటిగా చెప్పబడుచున్నది. మీకెందరు భార్యలని యడుగగా, పదునైదుగురని యంగ్ దాపరికము లేక చెప్పెను. గ్రీలీ వ్రాసినదానిలో ఇంతకంటె ముఖ్యమైన మాట వేరొకటి కలదు. ఆ ఊరిలో తానున్నన్ని దినములు ఒక్క పురుషుడును తన భార్య అభిప్రాయమిదియని తనతో చెప్పలేదనియు, ఒక్క స్త్రీయు తనతో మాటలాడలేదనియు, పత్రికలలో స్త్రీ పేర ఒక్క ప్రకటనయైనను కానరాలేదనియు అతడు వ్రాసెను. స్త్రీల బ్రతుకును గూర్చియే దేశమంతయు వాదులాడుచుండగా ఆ స్త్రీల గొంతు మాత్రము వినబడలేదు.

మరుసటి సంవత్సరము ఆగస్టులో రిచర్డ్ బర్టన్ వచ్చెను. ఇతడు బొంబాయి సైన్యమున పనిచేసి, గుజరాతు, సింధు దేశములను ఎరిగినవాడు. 1853లో మారువేషమున మక్కా చూచి వచ్చినవాడు. గుర్రపుబండిలో పందొమ్మిది దినములు ప్రయాణము చేసి, మూడు వారములకు పైగా ఆ ఊరిలో గడపి, 1861లో 'పుణ్యజనుల నగరము' అను అర్థము వచ్చు పేరుతో పెద్ద గ్రంథము నచ్చొత్తించెను. కొమ్మలు కప్పిన పందిరిలో ధర్మప్రసంగములు వినెను. పంటలు, ధరలు, గోడల ఎత్తు, ఇండ్ల కిటికీలు అన్నియు వ్రాసికొనెను. ఒకని కనేక భార్యలుండుట అతనికి వింత కాదు. కూలివారు దొరకని ఆ సీమలో ఇంటిపనికి జీతగాండ్రను పెట్టుకొనుటకంటె పెండ్లియే చౌక యని అతడు లెక్క కట్టెను. అది చురుకైన మాటయే. అయినను ఆ ఇంటిపని చేయుచున్న స్త్రీని అడిగి వ్రాసిన మాట కాదు.

1861లో మార్క్ ట్వేన్ రెండు దినములు ఆగి పోయెను. పదునొకండేండ్ల తరువాత అచ్చైన గ్రంథమున ఆ స్త్రీల రూపమును వేళాకోళము చేసి లోకమును నవ్వించెను. హాస్యమునకు రెండు దినములు చాలును. తీర్పునకు చాలవు.

ఇక మేము విశేషముగా చెప్పదలచినది ఎలిజబెత్ కేన్ అను స్త్రీని గూర్చి. ఈమె ఫిలడెల్ఫియాలో స్త్రీల వైద్యకళాశాల తొలి విద్యార్థినులలో ఒకతె. భర్త థామస్ కేన్ మోర్మనుల మతమున చేరకయే వారికి చిరకాల మిత్రుడు. 1857లో కేంద్ర ప్రభుత్వము వారిపైకి సైన్యమును పంపగా, మరుసటి సంవత్సరము ఇతడు దూరప్రయాణము చేసి వచ్చి ఇరుపక్షముల నడుమ రాయబారము నడపి రక్తపాతము కాకుండ చూచెను. భార్యకు మాత్రము ఆ జనుల ఆచారము ఏవగింపు. భర్త ఆరోగ్యము చెడుటచే, వెచ్చని దక్షిణ సీమలో చలికాలము గడపుటకై 1872 డిసెంబరులో ఇద్దరు కుమారులతో ఆమె బయలుదేరెను. బ్రిగం యంగును అదే దారిన పోవుచుండుటచే అందరును కలిసి ప్రయాణమైరి. రైలు కొంతదూరమే ఉండెను. అటుపై మూడువందల మైళ్ల దారి గుర్రపుబండ్లపై సాగవలెను. రాత్రికొక ఊరు, ఊరికొక ఇల్లు. ఆమె ఇంటికి వ్రాసిన జాబులను ఆమె తండ్రి 1874లో 'పన్నెండు మోర్మను గృహములు' అను పేరుతో అచ్చు వేయించెను. గృహస్థుల పేర్లు మార్చి వ్రాయుట ఆమె మర్యాద.

ప్రయాణారంభమున ఆమెకు కనబడినది మహాప్రవక్త కాదు. బయలుదేరుటకు ముందు ప్రతి బండి చక్రమును, ఇరుసును, గుర్రపుజీనును తానే తడవి చూచుకొను డెబ్బదియొకటేండ్ల పెద్దమనిషి కనబడెను. సాయంకాలము బస చేరగానే ఊరివారు ఆయనచుట్టు చేరుదురు. లోహపు రాతిని కరగించుట మొదలు గుర్రపు కళ్లెము వరకు వారు అడుగని విషయము లేదు. ఆయన ఒక్కొక్కరి మాటయు ఓపికతో విని, పేరుపేరునను సమాధానము చెప్పును. ఈ మాటల చెంత కూర్చుండి వినుటవలననే మోర్మనుల పద్ధతి నిజముగా నడచు తీరు తనకు తెలిసినదని ఆమె వ్రాసెను. అధికారము బెదరింపుచేతనే నిలుచునను తలంపుతో వచ్చినవారికి ఇది క్రొత్త చూపు. అయినను ఇంటివిషయమునుండి ఓటు వరకు అన్నిటను ఒక్కని మాటయే చెల్లుట క్షేమమా యను ప్రశ్న మిగిలియే యున్నది.

దారిలో కోవ్ ఫోర్ట్ అను కోట కలదు. అగ్నిపర్వతపు నల్లరాతితో 1867లో దానిని కట్టిరి. పదునెనిమిది అడుగుల ఎత్తు గోడలు, లోపల వరుసకు ఆరేసి చొప్పున పన్నెండు గదులు. ఒక కుటుంబము బాటసారులకు భోజనము పెట్టుచు, తంతివార్తలు చూచుకొనుచు అందు కాపురముండెను. సంఘము తానే వేయించుకొన్న తంతి 1867 నాటికి దక్షిణపు కొస వరకు పోయినది. ఎడారి మధ్య గోడలలోపల పొయ్యిలో మంట, బల్లపై వేడి రొట్టె, మూలను టక్కుటక్కుమను తంతియంత్రము ఉండెను. అట్టి చోటులే ఆ పల్లెలను ఒక్క కుటుంబముగా కట్టియుంచినవి.

ఇండ్లలో ఆమె చూచినది పలు విధములు. కొన్నిట భార్యలు ఒకే కప్పుక్రింద పనులు పంచుకొని మెలగిరి. కొన్నిట వేరువేరు ఇండ్లలో నుండిరి. ప్రార్థనలో ఇంటివారినేగాక అతిథులను కూడ పేరు పెట్టి తలచుకొనుట ఆమెకు తొలుత వింతగా తోచి, పిదప నచ్చినది. వంటింటిలో ఆమె ప్రశ్నింపగా స్త్రీలు దాచక చెప్పిరి. తమ విశ్వాసమున ఇది ధర్మమనిరి. కష్టము లేదని మాత్రము అనలేదు. గ్రీలీకి వినబడని గొంతు పదమూడేండ్ల తరువాత ఒక స్త్రీకి వినబడినది. తలుపు ఒక్కటియే. లోనికి పోగలిగినవారు వేరు.

యూటా స్త్రీలకు 1870లోనే ఓటుహక్కు వచ్చినదని ఇచ్చట జ్ఞాపకము చేయవలెను. తూర్పు అమెరికాలోని స్త్రీలకు అది అప్పటికి లేదు. ఆ పల్లెలనుండి స్త్రీలు తూర్పున వైద్యము చదివి వచ్చిరి. స్త్రీల సంఘములు గోధుమలు నిలువచేసినవి, పట్టుపురుగులను పెంచినవి. బానిసలుగా లోకము జాలిపడిన స్త్రీలు ఓటు వేయుచుండిరి, జాలిపడిన స్త్రీలకు ఓటు లేకుండెను! ఈ చిక్కుముడిని విప్పుటకు ఒక్క మాట చాలదు.

కేన్ దంపతులు చేరిన ఊరు సెంట్ జార్జి. 1861లో మూడువందలకు పైగా కుటుంబములకు సంఘమునుండి పిలుపు వచ్చినది: ఎఱ్ఱమట్టి సీమకు పోయి ప్రత్తి పండింపుడని. కట్టిన ఇండ్లను, కాపుకు వచ్చిన చెట్లను విడిచి వారు పోయిరి. చౌడునేల, మండుటెండ, ఊరక కట్టలు తెంపు వర్జిన్ నది వారికి ఎదురైనవి. కట్టుట, కొట్టుకొనిపోవుట, మరల కట్టుట ఏండ్ల తరబడి సాగెను. పనిలేనివారికి పని చూపుటకే 1863లో అచ్చట ప్రార్థనామందిరము మొదలిడిరి. ఈ ఊరిలో థామస్ కేన్ జబ్బుపడగా, ఊరివారు తమవానివలె చూచుకొనిరి. ఆ పరిచర్య చూచిన పిదప, తాను తొలుత వ్రాసిన వ్రాతలు మరల వ్రాయవలసివచ్చినచో మరింత దయతో వ్రాయుదునని ఆమె తన దినచర్యలో ఒప్పుకొనెను. ఆచారముపై ఆమె అభిప్రాయము మారలేదు. మనుష్యులపై మారినది.

పరాయివారి మెప్పులో తప్పిపోయిన సంగతులను గూడ చెప్పుట ధర్మము. 1857 సెప్టెంబరులో దక్షిణ యూటాలోని మౌంటెన్ మెడోస్ అను పచ్చికబయలున, కాలిఫోర్నియాకు పోవుచున్న బాటసారులను ఇంచుమించు 120 మందిని స్థానిక మోర్మను దళమువారు, కొందరు పైయూట్ జనులతో కూడి, చంపిరి. మిగిలినవారు పదునేడుగురు పసిపిల్లలు. ఇరువదేండ్ల తరువాత, 1877లో, ఆ నేరమునకు ఒక్కనికే మరణశిక్ష పడెను. మరియు ఆ లోయలు పాడుపడిన బీళ్లు కావు. యూట్, షోషోనీ, పైయూట్ జనులు తరతరములుగా ఆ వాగులచెంతనే బ్రతికిరి. క్రొత్తవారు తొలుత పట్టుకొన్నది ఆ వాగులనే. తరిమివేయబడి వచ్చినవారు తామును ఇతరులను తరిమిరి.

పార్లమెంటు వంటి అమెరికా కాంగ్రెసు 1862లో బహుభార్యాత్వమును నేరముగా శాసించెను. 1879లో అచ్చటి అత్యున్నత న్యాయస్థానము ఆ శాసనమును సమర్థించుచు, మన దేశపు సతీసహగమనమునే ఉదాహరణముగా చూపెను. నమ్మకము హృదయమున నుండవచ్చును, కాని నమ్మకము పేర ప్రతి పనియు చేయరాదని దాని సారాంశము. సహగమనము 1829లోనే మన దేశమున నిషేధింపబడినది. కావున ఆ వాదము మనకు క్రొత్తది కాదు. కేన్ స్త్రీగా భయపడినది వేరొక విషయమునకు. పెండ్లిండ్లు చెల్లవని ఒక్క కలముపోటుతో కొట్టివేసినచో, నమ్మి వచ్చిన భార్యల గతి యేమి? బిడ్డల పేరేమి? ఆచారమును మాన్పువారు అందు చిక్కుకొన్నవారిని వీధిపాలు చేయరాదని ఆమె కోరిక. 1887 శాసనము సంఘపు ఆస్తులను స్వాధీనపరచుకొనుటయేగాక, ఏ స్త్రీలకై జాలిపడెనో ఆ స్త్రీల ఓటును కూడ తీసివేసెను. 1890లో సంఘాధ్యక్షుడు క్రొత్త బహువివాహములను మానుమని ప్రకటించెను. 1896 జనవరి 4వ తేదీన యూటా నలుబదియైదవ రాష్ట్రమయ్యెను. స్త్రీల ఓటు తిరిగి వచ్చెను. ఆ సంవత్సరమే మార్తా హ్యూస్ కానన్ అను వైద్యురాలు రాష్ట్ర శాసనమండలికి ఎన్నికయ్యెను. అమెరికాలో అట్టి పదవి పొందిన తొలి స్త్రీ ఆమెయే. ఆమె ఒక బహుభార్యా కుటుంబపు ఇల్లాలు. ఆ ఎన్నికలో ఓడిన అభ్యర్థులలో ఆమె భర్తయు ఒకడు!

సంఘమున నేడు బహువివాహము చేసికొన్నవారిని వెలివేయుదురు. ఆ సంఘపు సభ్యులు నేడు ప్రపంచమంతటను కోటికి పైగా కలరు. మన హైదరాబాదులోను కలరు.

వీరందరి సాక్ష్యములను ప్రక్కప్రక్కన ఉంచి చూచినపుడు మాకు తోచున దిది. రెండు దినములున్నవాడు వింతను చూచెను. మూడు వారములున్నవాడు లెక్కను చూచెను. ఒక చలికాలము వారి ఇంట రొట్టె తిని, రోగిని వారి చేతి కప్పగించినవారు మనుష్యులను చూచిరి. ఎవరును అబద్ధమాడలేదు. కాని మొదటి ఇద్దరి మాటలు విని శాసనములు చేసిన పెద్దలు, మూడవ సాక్షిని కూడ పిలిచి వినియుండినచో, తప్పును దండించుచునే తప్పు చేయనివారిని కాపాడు మార్గమును వెదకియుందురు. తెలియని పొరుగువారిని గూర్చి మనము పలుకు ముందు, మనము వీధిలో నిలిచి చూచితిమా, వంటింటి వరకు పోయి అడిగితిమా యని ఒక్కసారి ప్రశ్నించుకొనుట మేలు.